పత్తి గింజల కవరులో గుండె గోలీలు

2019 ఎండాకాలం. గద్వాలలో పాత బస్టాండు దగ్గర మా మందుల షాపు. ఆ ఏడు ఎండ ఎట్లా ఉండేదంటే, దగ్గు మందు సీసా మూత తీసీ తీయకముందే పాకమై, గరిటెతో గీకి ఇవ్వాల్సి వచ్చేది. ఈ మాట మా ఆవిడ ముందు అంటే ఆమె నవ్వి లోపలికి పోతుంది. మీరూ నమ్మనక్కర్లేదు. కానీ ఇక మీదట చెప్పబోయేది మాత్రం అచ్చంగా జరిగింది.

మా దిక్కు సీడ్ పత్తికి పేరు. కంపెనీల తరఫున రైతుల పొలాల్లో విత్తనపు పత్తి పండించి, గింజలు సేకరించి ఇచ్చే పెద్దమనుషులను ఆర్గనైజర్లు అంటారు. సంవత్సరం బాగుంటే కంపెనీవాళ్లు వీళ్లను విదేశాలకు తిప్పుకొచ్చేవారు. ఆ రోజుల్లో మా బస్టాండులో చాయ్ తాగే నలుగురిలో ఒకరు బ్యాంకాక్ చూసొచ్చినవాళ్లే ఉండేవారు. చూడనివాళ్లు ఇంకా బాగా చెప్పేవారు. నేను రెండో రకం.

ఆ ఎండాకాలం మా ఊరి ఆర్గనైజరు తిమ్మప్పకు ఓడ ప్రయాణం తగిలింది. సింగపూర్ దాకా విమానం, అక్కడి నుంచి నాలుగు రోజులు సముద్రం మీద. భార్యను కూడా తీసుకురావచ్చన్నారు. ఆయన భార్య జయమ్మను నేను అక్కా అని పిలిచేవాణ్ని. దాంతో తిమ్మప్ప నాకు బావ అయ్యాడు. బావను ఆటపట్టించడానికి ఏ ఆఫీసులోనూ లైసెన్సు తీసుకోనక్కర్లేదు కదా.

సంగతేమిటంటే, జయమ్మక్కకు అంతకు నాలుగేళ్ల ముందు హైదరాబాదులో గుండె ఆపరేషను జరిగింది. చెడిపోయిన కవాటం తీసేసి లోహపు వాల్వు వేశారు. అటువంటి వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ రక్తం పలచబరిచే గోలీ మింగాలి. ఆమెకు ఒకరోజు పెద్ద మోతాదు, మరునాడు చిన్న మోతాదు. తగ్గితే గడ్డ, పెరిగితే లోపల రక్తస్రావం. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. అందుకే ఐఎన్ఆర్ అనే పరీక్షతో రక్తం ఎంత పలచగా ఉందో చూసుకుంటూ ఉండాలి. హైదరాబాదు డాక్టరు ఆ పరీక్ష చేయించి, ప్రయాణానికి సరేనన్నాడు. ఒక షరతు పెట్టాడు: ఒక్క రోజు కూడా గోలీ తప్పకూడదు, మోతాదు మారకూడదు.

ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. ఎన్నడూ ఏమీ అడగని మనిషి జయమ్మక్క. ఆ రోజు మాత్రం ఆమె ముఖంలో బడికి పోయే పిల్ల ఉత్సాహం.

"తమ్మీ, జూరాల నిండితే చూసిన, బీచుపల్లి కాడ కృష్ణమ్మను చూసిన. ఏడ చూసినా అవతలి గట్టు కనవడ్తనే ఉంటది. గట్టు లేని నీళ్లు ఒక్కసారి చూడాల్నని ఉంది."

"చూస్తవక్కా. అయితే మందుల సంగతి జర మనసు పెట్టి విను" అని మొదలుపెట్టాను. గోలీలు స్ట్రిప్పులోనే, అంటే రేకుతో వచ్చిన పట్టీలోనే ఉండాలి. ఎందుకంటే మందు పేరు, మోతాదు, తయారీ బ్యాచు, గడువు తేదీ అన్నీ దాని మీదే ఉంటాయి. జనరిక్ పేరుతో, అంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరుతో, డాక్టరు చీటీ వెంట ఉండాలి. వేరే దేశంలో మన కంపెనీ పేరు ఎవరికీ తెలియదు. వాపసు రావడం ఆలస్యమైనా సరిపోయేలా కొన్ని రోజుల మందు ఎక్కువే తీసుకోవాలి. సగం ఆమె చేతిసంచిలో, సగం ఆయన చేతిసంచిలో పెట్టుకోవాలి. పెద్ద పెట్టెలో మాత్రం వద్దేవద్దు. రేవులో పెద్ద పెట్టెలు ముందే తీసేసుకుంటారు, అవి గదికి చేరేసరికి ఎంతసేపైనా పట్టొచ్చు.

ఇంత చెప్పినా తిమ్మప్ప చూపు రోడ్డు మీదే ఉంది. అప్పుడు నా అసలు విద్య బయటికి తీశాను.

"బావా, కల్వకుర్తి మిరపకాయల సేటు సంగతి తెల్వదా నీకు? బీపీ గోలీలు పెద్ద పెట్టెల పెట్టిండు. పెట్టె తప్పిపోయింది. రెండోనాటికి ఆయన బీపీ ఎంత లేచిందంటే, చెవుల నుంచి ఈల మోగవట్టింది. ఇంకో ఓడ వస్తుందనుకొని కెప్టెను ఓడను పక్కకు తిప్పిండు!"

జయమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తిమ్మప్ప నవ్వలేదు. నిజమే అనుకున్నాడు. "పెద్ద పెట్టెల పెట్టను బామ్మర్దీ, ఒట్టు" అన్నాడు. నా దగ్గరున్న ఆ మందు స్టాకంతా ఇచ్చి పంపాను. కొత్త సరుకు సోమవారం వస్తుంది. వాళ్లు ఆదివారం రాత్రే విమానం ఎక్కుతారు కాబట్టి దాంతో పని లేదనుకున్నాను.

ఆదివారం పొద్దున షాపు సగం షట్టరు తీసి దుమ్ము దులుపుతుంటే తిమ్మప్ప బొలెరో వచ్చి ఆగింది. అన్నీ సర్దుకుని, నాకు చెప్పి పోదామని దంపతులిద్దరూ దిగారు. తిమ్మప్ప ముఖం వెలిగిపోతోంది.

"చూడు బామ్మర్దీ, ఎట్ల ప్యాక్ చేసిన్నో" అని చేతిసంచిలోంచి తీసి కౌంటరు మీద పెట్టాడు.

అది పత్తి గింజల కవరు. తళతళలాడే మందపాటి కవరు, మిషనుతో వేడిగా అతికించిన మూతి. దాని మీద విరగబూసిన పత్తి చెట్టు బొమ్మ, పక్కన ఎర్రటి గుర్తులో పుర్రె, ఎముకలు. మందు కలిపిన విత్తనం, తినరాదు అని హెచ్చరిక. విత్తనాలకు పురుగు మందు పట్టిస్తారు కాబట్టి ఆ గుర్తు ఉంటుంది. గింజలు నింపాక, అవి ఏ రాశివో తెలిపే లాట్ నంబరు కూడా కవరు మీద గుద్దుతారు. ఊపి చూస్తే లోపల గలగలమని చప్పుడు.

"ఏంది బావా ఇది?"

"గోలీలు! అన్నీ రేకుల నుంచి తీసి దీంట్ల పోసిన. కవరు కొత్తది, గింజ సోకలే. సముద్రం అంటే తేమనే గద. పత్తి గింజకే తేమ తాకితే మొలక పోతది, గోలీకి పోదా? తేమ గుంజే పొట్లం గూడ ఏసిన. మూడేండ్లు పెట్టినా మొలక శాతం తగ్గదు."

"గోలీలు మొలుస్తయా బావా?"

"మాటకు అన్న."

"రేకులు ఏవీ?"

"ఇంకెందుకని పొద్దుగాల్నే చెత్త బండిల ఏసిన."

జయమ్మక్క కవరు తీసుకుని పుర్రె బొమ్మ వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. "నా పానానికి సీలేసినవా? లాట్ నంబరు గూడ గుద్దకపోయినవ్."

నేను కత్తెరతో మూతి కత్తిరించి ట్రేలో పోశాను. గులాబీ రంగు, పసుపు, తెలుపు, అన్నీ కలగలిసిపోయాయి. రంగు గోలీలు ఆమె వాడే మిగతా మందులు, వాటితో చింత లేదు, అవి షాపులో ఇంకా ఉన్నాయి, కొత్త స్ట్రిప్పులు ఇస్తాను. చిక్కంతా తెల్లవాటితోనే. రక్తం పలచబరిచే గోలీలు పెద్ద మోతాదువీ చిన్న మోతాదువీ రెండూ తెల్లవే, రెండూ ఇంచుమించు ఒకే సైజు. ఒకదానికొకటి రాసుకుని వాటి మీది గీతలు కూడా పొడి కప్పుకుని ఉన్నాయి.

"ఏరు బామ్మర్దీ" అన్నాడు తిమ్మప్ప, గొంతు కాస్త దిగింది. "మావోళ్లు చాటెడు గింజలల్ల కల్తీ గింజ ఇట్టే ఏరుతరు. నీకు గంత చాతకాదా?"

"చాతనైతది బావా. గింజ ఒకటి తప్పు పడితే పొలంల ఒక చెట్టు తేడా వస్తది, పీకి పారేస్తవ్. గీడ తప్పు పడితే ఏం పీకుతవ్? నేను ఏరినా పేరుండదు, తేదీ ఉండదు. రేవుల ఆఫీసరు ఈ పుర్రె బొమ్మ చూసి అడిగితే ఏ భాషల చెప్తవ్? ఓడల అక్కకు బాగలేకుంటే ఆడి డాక్టరుకు ఏం చూపెడ్తవ్?"

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. జయమ్మక్క నెమ్మదిగా అంది: "పోనీ తియ్ తమ్మీ. ఆయనొక్కడు పోయొస్తడు. గట్టు లేని నీళ్లు టీవీల గూడ చూపెడ్తరు."

ఆ 'పోనీ తియ్' అన్నప్పుడు ఆమె గొంతు నాకు ఇంకా గుర్తుంది. తిట్టినా బాగుండేదనిపించింది.

గద్వాలలో తెరిచి ఉన్న షాపులన్నీ తిరిగాను. ఆ మందు ఏరోజుకారోజు అమ్ముడుపోయేది కాదు, ఎవరూ ఎక్కువ పెట్టుకోరు. ఇక ఫోను పట్టుకున్నాను. వనపర్తిలో నాతో పాటు ఫార్మసీ చదివిన రఘుకు షాపు ఉంది. పెద్ద మోతాదు గోలీలు వాడి దగ్గర దొరికాయి. చిన్న మోతాదువి నాగర్‌కర్నూల్‌లో తెలిసిన ఒకాయన దగ్గర ఉన్నాయన్నారు. ఇద్దరికీ డాక్టరు చీటీ ఫోటో పంపించాను. రఘు స్కూటరు మీద పెబ్బేరు చౌరస్తాకు వస్తానన్నాడు. నాగర్‌కర్నూల్ ఆయన జడ్చర్ల పోయే బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపుతానన్నాడు. హైదరాబాదు పోయే దారి ఈ రెండు చోట్ల మీదుగానే. స్ట్రిప్పులు నా కళ్లతో చూడనిదే పంపకూడదని షట్టరు దించి నేనూ బొలెరో ఎక్కాను.

పెబ్బేరులో రఘు చెమటలు కక్కుతూ మాకంటే ముందే నిలబడి ఉన్నాడు. టిఫిను సంచిలోంచి స్ట్రిప్పులు తీసి జయమ్మక్క చేతిలో పెడుతూ, "గద్వాల సంస్థానానికి వనపర్తి సంస్థానం పంపిన కానుక అక్కా. జర మర్యాదగ మింగు" అన్నాడు. అంత బెంగలోనూ ఆమె నవ్వింది. పేరు, మోతాదు, గడువు చూశాను. సరిగ్గా ఉన్నాయి.

జడ్చర్లలో బస్సు రాలేదు. బస్టాండులో నీడ వెతుక్కుని నిలబడ్డాం. నాగర్‌కర్నూల్ బోర్డు పెట్టుకున్న బస్సు ఒకటి వచ్చింది, అది కాదు. ఇంకొకటి వచ్చింది, అదీ కాదు. కంపెనీ మనిషి విమానాశ్రయం నుంచి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. తిమ్మప్ప ఫోను తీయడం మానేశాడు.

"నువ్వు పో" అంది జయమ్మక్క. "నేను తమ్మీ తోటి వాపసు పోత."

"నువ్వు లేంది నేను యాడికి పోను" అన్నాడాయన ఎటో చూస్తూ. "నాకు ఓడ ఎందుకు? పొద్దుగాల మబ్బుల లేచి ఒక్కొక్క గోలీ ఒత్తుకుంట తీసిన. మంచి లాట్ గింజలకు పెట్టుకున్న కవరు అది. ఏ గింజకూ గంత పైలంగ సీలెయ్యలే."

జయమ్మక్క తన నీళ్ల సీసా మూత తీసి ఆయనకిచ్చింది.

పొద్దుటి నుంచి ఈ మనిషి నా మాట చెవిన పెట్టలేదని లోలోపల కోపంగా ఉన్నాను. నిజానికి ఆయన చెవిన పెట్టాడు. మందు జాగ్రత్తగా ఉండాలని నేను చెప్పాను, తన బతుకంతా నేర్చుకున్న జాగ్రత్తనే తెచ్చి దాని మీద పెట్టాడు.

అంతలో బస్సు వచ్చింది. దారిలో టైరు మార్చారట. కండక్టరు మెట్టు మీద నిలబడి, "గుండె మందులు ఎవరియి? జల్ది రాండ్రి" అని బస్టాండంతా వినపడేలా అరిచాడు. తిమ్మప్ప పరుగెత్తిన తీరు చెప్పాలంటే, ఆయన వెనక లేచిన దుమ్ము దిగడానికి శ్రావణం దాకా పట్టింది.

స్ట్రిప్పులు మళ్లీ చూశాను. రెండు వాటాలు చేసి ఇద్దరి చేతిసంచుల్లో పెట్టాను, డాక్టరు చీటీ నకలు ఒక్కొక్కదానికి జోడించాను. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందని చెప్పి, జయమ్మక్క చేతి గడియారం మన టైములోనే ఉంచమన్నాను. గోలీ దాని ప్రకారమే వేసుకోవాలి. ఓడలో ఎవరైనా ఒళ్లు నొప్పుల గోలీ ఇస్తే మాత్రం ముట్టొద్దన్నాను. రక్తం పలచబరిచే మందుతో అవి కలిస్తే ప్రమాదం. తిమ్మప్ప స్ట్రిప్పును అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఈ రేకే దీనికి సీలు. దీని మీదిదే లాట్ నంబరు. గింతేనా?" అన్నాడు.

"గింతే బావా."

"గిట్ల చెప్తే ఆ పొద్దే అర్థమైతుండె గద బామ్మర్దీ. ఈల మోగింది, ఓడ తిరిగింది అంటివి."

రెండు రోజుల తర్వాత ఓడ మీది నుంచి వీడియో కాల్ వచ్చింది. పెద్ద పెట్టె గదికి చేరేసరికి భోజనాల వేళ దాటిందట. జయమ్మక్క అప్పటికే తన చేతిసంచిలోది వేళకు వేసుకుంది. రేవులో ఆఫీసరు స్ట్రిప్పులూ చీటీ చూసి నవ్వి తిరిగి ఇచ్చాడట. ఫోను అటు తిప్పి చూపించింది. నీలం తప్ప ఏమీ లేదు. "గాలికి మాట వినవడ్తలేదు తమ్మీ" అని అరిచింది. నాకు బాగానే వినబడింది. కట్ చేయబుద్ధి కాక షాపులో ఇద్దరు గిరాకీలను నిలబెట్టాను.

కరోనా తర్వాత ఆ టూర్లు బాగా తగ్గాయి. తిమ్మప్ప విత్తనాల పని వదిలేశాడు. జయమ్మక్క ఇప్పటికీ నెలనెలా వచ్చి స్ట్రిప్పులు తీసుకుపోతుంది. షాపు ముందు చాయ్ తాగే నలుగురిలో ఒకరిద్దరు లేరు, బస్టాండు సందడి కూడా అప్పటిలా లేదు.

ఆ ఆదివారం తర్వాత నేను పని చేసే పద్ధతి మారింది. ఎవరైనా దూరదేశం పోతున్నామని మందులకొస్తే, మొదట జబ్బు అడగను, చేసే పని అడుగుతాను. నేతపని చేసేవాళ్లు స్ట్రిప్పులను పట్టుచీర మడతల్లో దాచుకుంటారు. హోటలు నడిపేవాళ్లు అన్నీ ఒకే స్టీలు డబ్బాలో పోసుకుంటారు. మనిషి తనకు తెలిసిన జాగ్రత్తనే మందు మీద పెడతాడు. అది ఏమిటో కనుక్కుని, ఆ భాషలోనే చెప్పాలి. తిట్టి చెప్తే ఎక్కదు. నిజం ఒప్పుకోవాలంటే, కథలు చెప్పినా ఎక్కదు.

అయినా నా నోరు ఊరుకోదు. మొన్న ఐజ నుంచి ఒకాయన దుబాయి పోతూ వస్తే, కూర్చోబెట్టి జయమ్మక్క ప్రయాణం మొదలుపెట్టాను. సాయంత్రాలు మా షాపు స్టూలే తిమ్మప్పకు ఇల్లు. "ఓడ గంత పెద్దది లేకుండె" అని మధ్యలో అడ్డం తగిలాడు. అలలు కూడా నేను చెప్పినంత ఎత్తు లేవన్నాడు. గోలీల దగ్గరికి వచ్చేసరికి నన్ను చేత్తో ఆపి, ఐజ ఆయన చేతిలోని స్ట్రిప్పు తీసుకుని, తనే అందుకున్నాడు.

"ఇగో తమ్మీ, దీన్ని తియ్యకు. ఇది ఎట్లొచ్చిందో గట్లనే పోనియ్."