తెలుగు బెన్ అసలు పేరు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున మా గల్లీ వాట్సాప్ గ్రూపులో హిందీలో ఒక ముక్క వచ్చింది: తెలుగు బెన్ గుజర్ గయీ. పోయింది మా చిన్నమ్మ, మా అమ్మకు చెల్లెలు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. ఆ ముక్క కింద వరసగా దండాలు పెట్టే చేతుల బొమ్మలు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పెళ్లై సూరత్ వచ్చినప్పటి నుంచీ ఆమె నవాగామ్‌లో ఈ గల్లీలోనే ఉంది. వీళ్ల పిల్లలకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది. వీళ్ల పెళ్లిళ్లలో కూర్చుని గంపలకొద్దీ పూరీలు ఒత్తింది. వీళ్లలో ఒక్కరికీ ఆమె పేరు తెలియదు.

బెన్ అంటే గుజరాతీలో అక్క. ఆడవాళ్ల పేరు చివర మర్యాదకు తగిలిస్తారు. మా గల్లీలో తెలుగిళ్లు రెండే, ఆమెదీ మాదీ. అందుకని ఆమె తెలుగు బెన్ అయింది. చిన్నమ్మకు ఆ పిలుపంటే ఎంత మురిపెమో. "ఊరు గాని ఊర్ల అక్కా అని పిలుస్తున్నరు, గది తక్కువనా?" అనేది. ఆధార్ కార్డుల కోసం గల్లీలో క్యాంపు పెట్టినప్పుడు పేరేమిటని అడిగితే, ఇంటిపేరు వదిలేసి, సొంత పేరుకు తానే బెన్ తగిలించి గర్వంగా చెప్పింది. వాళ్లు అలాగే టైపు కొట్టేశారు. ఇంత పొరపాటు మా చిన్నమ్మ తప్ప ఇంకెవరూ చేయరనుకున్నాను. తర్వాత తెలిసింది, మా వాళ్లలో చాలామంది ఆడవాళ్లు ఇదే చేశారట.

చిన్నాయన పోయాక ఆమెకు మిగిలింది కూతురొక్కతే. నాకు చెల్లెలు వరస. మస్కట్‌లో ఉంటుంది, అల్లుడు అక్కడ డ్రైవరు. దానికి తొలి కడుపు. మా వైపు తొలి కాన్పు తల్లిగారింట్లోనే కావాలి. అక్కడి డాక్టరేమో విమానం ఎక్కొద్దన్నాడు. చెల్లెలు ఫోన్లో ఒకటే ఏడుపు. చిన్నమ్మ క్షణం కూడా ఆలోచించలేదు.

"ఏడ్వకు బిడ్డా. నువ్వు రారాకపోతే ఏందే, తల్లిగారిల్లే లేచి నీ దగ్గరికొస్తది" అంది.

అలా మొదలైంది మా పాస్‌పోర్టు గోస. కౌంటర్లో కూర్చున్నాయన చిన్నప్పటి బడి కాగితాన్నీ ఆధార్‌నీ పక్కపక్కన పెట్టి, ఈ ఇద్దరిలో మీరెవరని హిందీలో అడిగాడు. చిన్నమ్మ అతని మొహంలోకి సూటిగా చూసి, "నేనెవలినో నాకెర్క లేదా సారూ?" అంది. ఏమంటోందని అతను నన్నడిగాడు. నేను చెప్పలేదు. చెబితే ఇంకాస్త కారం జల్లి చెప్పేదాన్ని.

బెన్ తీయించడానికి మళ్లీ ఆధార్ సెంటరు చుట్టూ తిరిగాం. మర్యాదకు పెట్టిన మాట తీయమంటే అక్కడ కూర్చున్నవాడు వింతగా చూశాడు. ఆలోగా ఆమె సంచి సర్దడం మొదలుపెట్టింది. వసకొమ్ము, సాంబ్రాణి, బాలింతకు కొట్టిన వెల్లుల్లి కారం. విమానాశ్రయంలో నడిచే మెట్లుంటాయని ఎవరో బెదిరిస్తే, నన్ను రింగ్ రోడ్డులో అలాంటి మెట్లున్న ఒక బట్టల మార్కెట్‌కు లాక్కుపోయింది. చెప్పులు చేతిలో పట్టుకుని, నా భుజం నొప్పెట్టేలా పట్టుకుని, ఎక్కింది దిగింది, మళ్లీ ఎక్కింది. కాపలావాడు కసిరితే, "మస్కట్ పోతున్న తమ్మీ, జర నేర్చుకోనియ్" అని తెలుగులోనే బతిమాలింది. వాడికేం అర్థమైందో గాని నవ్వి వదిలేశాడు.

అన్నిటికంటే పెద్ద తిప్పలు పసిబిడ్డ గుడ్డలది. దేశానికంతా చీరలు పంపే ఊరు ఇది. చిన్నమ్మ బతుకంతా ఆ చీరలకు రాళ్లు అంటిస్తూనే గడిచింది. పురిటి బిడ్డకు చుట్టడానికి మాత్రం ఒక్క మెత్తటి గుడ్డ దొరకలేదు. ఎక్కడ చూసినా పాలిస్టరే. "గరుకుది సుడితే లేత తోలు ఒరుసుకపోదా?" అని, మా సొంతూరి నుంచి వచ్చి మగ్గాల కార్ఖానాల్లో పనిచేసే మగవాళ్లను అడిగి, ఉతికి ఉతికి నలిగిపోయిన నూలు లుంగీలు తెచ్చుకుంది. ఉడకబెట్టింది, ఎండలో ఆరేసింది, చదరాలుగా చింపి అంచులు చేత్తో కుట్టుకుంది.

కార్డులో బెన్ పోయింది. దరఖాస్తు ముందుకు కదిలింది. ఇక పోలీసు విచారణే మిగిలింది. పోలీసాయన వచ్చిన వేళకు చిన్నమ్మ పనిలో ఉంది, నేను డ్యూటీలో ఉన్నాను. ఆయన కాగితంలోని ఇంటిపేరూ పేరూ చదివి గల్లీలో అడిగాడు. అందరూ తలలు అడ్డంగా ఊపారు. అలాంటి మనిషి ఇక్కడ ఎవరూ లేరన్నారు. ఆయన అదే రాసుకుని పోయాడు.

ఆ సాయంత్రం నేను గల్లీలో నిలబడి అరిచాను. ఎదురింటావిడ బయటికి వచ్చింది. చిన్నమ్మ చేతి సర్వపిండి వారంవారం తిన్న మనిషి. "తెలుగు బెన్ ఎక్కడని అడిగితే చెప్పకపోయేదాన్నా? ఇదెవరి పేరో నాకేం తెలుసు?" అని హిందీలో నా మీదికే వచ్చింది. చిన్నమ్మ నా చెయ్యి పట్టి లోపలికి గుంజింది.

"పోనియ్యే. ఆమె అబద్ధమాడిందా ఏంది?"

ఆ పోనియ్యే అన్న మాట మీద కూడా నాకు కోపమే. అందరినీ పోనిచ్చింది. పూరీలకు పిలిచి విందుకు పిలవని వాళ్లనూ, ఇన్నేళ్లలో నీ పేరేమిటని ఒక్కసారి అడగని వాళ్లనూ పోనిచ్చింది. మళ్లీ విచారణ చేయమని అర్జీ పెట్టాం. అక్కడ చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. చిన్నమ్మ రోజూ సంచి విప్పి, గుడ్డలు మళ్లీ మడత పెట్టి కట్టేది. "నేను పోయేదాంక ఆగుతదా పొల్ల?" అని నన్నడిగేది. ఆగుతుందని చెప్పేదాన్ని.

ఆగనిది చిన్నమ్మే.

గుజరాతీల పద్ధతి ప్రకారం గల్లీవాళ్లు సంతాపానికి కూర్చునే బేస్ణా పెట్టారు. వాకిట్లో ఫొటోతో బోర్డు కట్టాలని అప్పుడొచ్చి పేరడిగారు. ఇంటిపేరుతో సహా పలికించి పలికించి రాయించాను. చివర బెన్ పెట్టాలా అని అడిగారు. వద్దన్నాను, కాస్త గట్టిగానే. వచ్చినవాళ్లందరూ ఆ బోర్డు ముందు ఆగి, పెదాలు కదుపుతూ ఆ పేరు చదివారు. ఇక్కడ మాత్రం ఆ పేరు రాయను. ఎవరి పేరైనా వాళ్లు బతికుండగా అడిగి తెలుసుకోవాలి.

ఆ మధ్యలోనే మస్కట్‌లో ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి తువ్వాల్లో చుట్టి చూపించారు. చెల్లెలు ఫోన్ బిడ్డ వైపు తిప్పి పట్టుకుంది.

దినాల నాడు ఇంట్లో గుడ్డన్నదల్లా తడపాలి కనుక సంచి కూడా విప్పాల్సి వచ్చింది. ఆ చదరాలన్నీ ఉతికి వాకిట్లో తీగ మీద ఆరేశాను. బోర్డు అప్పటికే తీసేశారు. ఆ సమయంలో గల్లీ మొదట్లో మోటార్‌సైకిల్ ఆగింది. రెండో విచారణ. పోలీసాయన కాగితం చూసి పేరు చదివాడు, ఇంటిపేరుతో సహా.

గల్లీ మొత్తం ఒక్కసారే పలికింది. "హా సాబ్, హా! యహీ ఘర్ హై!" ఇదే ఇల్లంటూ ఎదురింటావిడ దారి చూపిస్తూ ముందు నడిచింది. ఆ పేరు ఒక్క అక్షరం పొల్లుపోకుండా పలికింది.

ఆయన తీగ కింద నుంచి తల వంచుకుని వచ్చి గడప ముందు నిలబడ్డాడు. కలం తీశాడు.

"పిలవండి ఆమెను" అన్నాడు.

లోపల దండ వేసిన ఆమె ఫొటో కనబడేలా నేను పక్కకు జరిగాను. ఆయన వెనక లేత నీలం లుంగీ చదరాల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.