బోర్డు మీద బీఎస్సీ మ్యాథ్స్

బాబుకు ఏడాది కూడా నిండని రోజుల్లో, వాణ్ని చంకనేసుకుని బాన్సువాడ నుంచి మద్నూర్ వెళ్లాను. పెళ్లికూతురికి మేకప్ చేయడం నాకు అదే మొదలు. ఆ పని నేర్చుకున్నది ఫోన్లో వీడియోలు చూసి, మా ఆడపడుచు ముఖం మీద ప్రయోగాలు చేసి.

సగం ముఖం పూర్తయ్యేసరికి పెళ్లికూతురి మేనత్త వచ్చి, "ఏం కోర్సు చేసినవమ్మా?" అని అడిగింది.

"బీఎస్సీ మ్యాథ్స్" అన్నాను. గదిలో అందరూ నవ్వారు.

"లెక్కలు సదివి మొకాలకు రంగులేస్తున్నవా? ఇగ ఆపు. బోధన్‌ల వేరేటామె ఉన్నది, పిలిపిస్త" అందామె.

అలా మధ్యలో పంపేస్తే ఇంకెవరూ నన్ను పిలవరు. అప్పుడే బాబు ఏడుపు అందుకున్నాడు. అయినా నేను బ్రష్ కింద పెట్టలేదు.

"మొత్తం అయినంక చూడు పెద్దమ్మా. నచ్చకుంటే నేనే కడిగేసి పోత" అన్నాను.

పెళ్లికూతురు బాబును ఒళ్లోకి తీసుకుని, "నువ్వు కానియ్ అక్కా" అంది.

పూర్తయ్యాక మేనత్త పెళ్లికూతురి గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని నా ముందు కూర్చుంది. "నాకు గూడ జర వెయ్యి."

ఇప్పుడు నా పార్లర్‌లో మరో ఇద్దరు పనిచేస్తున్నారు. అయినా రేపు పెళ్లి మేకప్ ఉందంటే నాకు నిద్ర పట్టదు, ఈ రాత్రీ అంతే. బోర్డు మీద మాత్రం నా పేరు కింద 'బీఎస్సీ మ్యాథ్స్' అని పెద్ద అక్షరాలతో రాయించాను. నవ్వేవాళ్లు లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని నవ్వొచ్చు.