మంచుబండి కొన్న ఆంటీ

ఆంటీ పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను నోయిడాలో ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నాను. పొద్దున టీ ఇచ్చి లేపుదామని వెళ్తే లేవలేదట. సగం హిందీలో, సగం తెలుగులో చెబుతూ ఆ పిల్ల ఏడ్చింది. కొన్ని నెలలుగా ఆంటీ గుర్‌గావ్‌లో కూతురి దగ్గరే ఉంటున్నారు. ఈ ఆదివారం వెళ్ళి చూద్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను.

ఇందిరాపురంలో మా ఇంటి పై అంతస్తు ఆమెది. ఉప్పాడ వైపు సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబంలో పుట్టారు. చదువుకుని, ఢిల్లీ వచ్చి, తెలుగు పిల్లల బడిలో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. అంకుల్ చాలా ఏళ్ళ క్రితమే పోయారు. నేను విజయవాడ నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, ఈ మహానగరంలో నన్ను "అమ్మాయ్" అని పిలిచిన మొదటి మనిషి ఆమే.

సెలవు రోజుల్లో నన్ను ఘాజీపూర్ చేపల మార్కెట్‌కు తీసుకెళ్ళేవారు. అమ్మేవాడు ఎంత పొగిడినా పట్టించుకోకుండా వేలితో చేప మొప్ప ఎత్తి చూసేవారు. "నోరు అబద్ధమాడుతుంది గానీ మొప్ప ఆడదమ్మాయ్" అనేవారు. అక్కడివాళ్ళు ఆమెను టీచరమ్మగారూ అన్నట్టు మాస్టర్‌నీజీ అని పిలిచి, మంచి చేప వస్తే పక్కన పెట్టి ఉంచేవారు.

ఒకరోజు వాళ్ళ బాల్కనీలో రొయ్యలు ఒలుస్తూ ఒక సంగతి చెప్పారు. చలి దేశాల్లో చెరువు పైనే గడ్డకడుతుంది. అడుగున నీళ్ళు నాలుగు డిగ్రీల దగ్గర బరువుగా నిలిచి ఉంటాయి. చేపలు ఆ నీళ్ళలో చలికాలమంతా బతుకుతాయి. ఏటా ఆమె చెప్పిన పాఠమే ఇది. రిటైరయ్యే ముందు ఒకమ్మాయి లేచి, "మేడమ్, మీరు చూశారా?" అని అడిగిందట.

"చూడలేదమ్మా అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. నేను మాత్రం కూర్చోలేకపోయాను."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పటికే హిమాచల్ కొండల్లోని లాహౌల్‌లో ఇంట్లో అతిథులను ఉంచుకునే ఒకావిడతో ఫోన్‌లో మాట్లాడి ఉన్నారు. ఆ ఊరి పైన ఒక చెరువుందనీ, అందులో ట్రౌట్ చేపలున్నాయనీ, చలికాలం గడ్డకడుతుందనీ ఆ దీదీ చెప్పింది. అయితే ఊరి నుంచి చెరువు దాకా దారంతా మంచులో కూరుకుపోతుంది. ఆంటీకి రెండు మోకాళ్ళూ మార్చారు. మంచులో నడవడం మాట మరచిపొమ్మని డాక్టరు గట్టిగా చెప్పాడు. అక్కడ టూరిస్టులను తిప్పే స్నో స్కూటర్లు మైదానంలో ఒక చుట్టు తిప్పి దింపేస్తాయే తప్ప పైకి రావు. ఇన్ని విన్నాక వేరే ఎవరైనా ఊరుకునేవారు. ఆంటీ సెకండ్‌హ్యాండ్ స్నో స్కూటర్ కోసం వెతకడం మొదలుపెట్టారు.

అది దొరికింది కూడా ఎక్కడ? మన సాహిబాబాద్‌లో, మే నెలలో, రేకుల గోడౌన్‌లో. మనాలీలో వ్యాపారం ఎత్తేసిన ఒక సర్దార్జీ దాన్ని కిందికి తెచ్చి పడేశాడు. ముందు రెండు స్కీ పలకలు, వెనక పళ్ళున్న వెడల్పాటి రబ్బరు పట్టా, మీద వేళ్ళతో బొమ్మలు గీయగలిగినంత దుమ్ము.

ఎండలు మండుతున్నాయి కాబట్టి సాయంత్రం వెళ్దామన్నాను. ఆంటీ తెల్లవారకముందే బయల్దేరదీశారు. సర్దార్జీ ఆవలిస్తూ షట్టరు తీశాడు. ఆమె నేరుగా వెళ్ళి ఇంజను మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. వాళ్ళ నాన్న పాత బోటింజను కొనడానికి వెళ్ళినా ఇలాగే చేసేవాడని తర్వాత చెప్పారు. అమ్మేవాడు మనకంటే ముందే ఇంజను వేడి చేసి పెడితే దాని రోగం బయటపడదు. "చల్లటి ఇంజనే నిజం చెబుతుంది" అన్నది వాళ్ళ నాన్న మాటట.

మంచు లేని చోట దాన్ని నడిపితే కింద పట్టా అరిగిపోతుందని సర్దార్జీ అడ్డుపడ్డాడు. అయితే వెనక భాగం ఎత్తి స్టాండు మీద పెట్టమన్నారు ఆంటీ. తాడు లాగితే చాలాసేపు దగ్గి, చివరికి అందుకుంది. రబ్బరు పట్టా గాలిలో తిరుగుతూ గోడౌన్‌లోని దుమ్మంతా మా మీద పోసింది. ఆమె వంగి, పట్టా మీద ప్రతి పన్నూ చూసి, విరిగినవి చూపించి ధర తగ్గించారు. సర్దార్జీకి అప్పటికే ఆమె మీద గౌరవం కలిగినట్టుంది. బరఫ్‌లో మనవళ్ళను తిప్పుతారా ఆంటీజీ అని అడిగాడు. చేపలు పట్టడానికి అని చెప్పేసరికి అతను కాసేపు నా మొహం చూశాడు. నేను తలూపాను.

జనవరిలో మంచు గట్టిగా ఉంటుంది, అప్పుడే రమ్మంది దీదీ. ఆంటీ ఒప్పుకోలేదు. ట్రౌట్ గుడ్లు పెట్టే కాలంలో అక్కడ వేట మీద నిషేధం ఉంది. ఆ చెరువు దగ్గర అడిగేవాళ్ళెవరూ లేరని దీదీ చెప్పినా వినలేదు. మా ఊళ్ళో నిషేధం రోజుల్లో ఆకలితో ఉన్నా బోటు దించేవాళ్ళం కాదు, నేనిప్పుడు సరదాకు దించుతానా అన్నారు. అందుకే ఫిబ్రవరి దాటాక, లైసెన్సు తీసుకుని, మార్చి మొదట్లో వెళ్ళాం. చిన్న ట్రక్కులో బండి, వెనక నా కారులో మేమిద్దరం. మనాలీ దాటి, సొరంగంలోంచి అటువైపు తేలేసరికి లోకం మొత్తం తెల్లగా ఉంది. ఆంటీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. 

ఏళ్ళ తరబడి ఢిల్లీ రోడ్ల మీద స్కూటీ నడిపిన మనిషి. దీదీ ఇంటి పక్క చేలో కాసేపు తిప్పి చూసుకుని, నన్ను వెనక ఎక్కించుకున్నారు. బొటనవేలితో మీట నొక్కగానే బండి ముందుకు దూకింది. నేను కళ్ళు మూసుకుని ఆమె నడుము పట్టుకున్నాను. తెరిచేసరికి ఊరు కింద ఉంది. మా చుట్టూ కొండలు ఎంత దగ్గరగా, ఎంత మౌనంగా నిలబడి ఉన్నాయంటే, ఇంజను ఆపగానే నాకు నా ఊపిరి వినబడి భయమేసింది.

బండిని ఒడ్డునే ఆపాం. మంచు ఎంత మందం ఉందో చూడటానికి, బండి జాడ వెంట నడిచి వచ్చిన దీదీ గునపంతో ముందుగా పొడుచుకుంటూ వెళ్ళింది. ఆమె సరే అన్నాకే ఆంటీ నా భుజం పట్టుకుని చెరువు మీద అడుగుపెట్టారు. దీదీ తవ్విన కన్నంలోకి గాలం వేశారు. ఎర ఏమిటనుకున్నారు? ఇంటి నుంచి తెచ్చిన ఉప్పాడ ఎండు రొయ్య.

మొదటి రోజు ఒక్క చేపా తగల్లేదు. చలికి నా కాళ్ళు కొయ్యబారాయి, వెళ్దామని గొణిగాను. "వేటకు పోయినవాడు తీరం వైపు చూడకూడదమ్మాయ్" అన్నారు, కన్నంలోంచి చూపు తిప్పకుండా.

మర్నాడు ముందుగా బడి ప్రయోగశాలలో వాడే థర్మామీటరును దారానికి కట్టి అడుగు దాకా దించారు. చాలాసేపు ఉంచి, గబుక్కున పైకి లాగి చూశారు. నా చేతికిచ్చారు. నాలుగుకు కాస్త కింద నిలిచింది పాదరసం. పైన గాలిలో మా ఊపిరి గడ్డకట్టి కండువాల మీద తెల్లగా పేరుకుంటోంది. ఆ క్షణం దాకా నాకిది ఆంటీ ముచ్చట.  చిన్నప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోయిన ఒక వాక్యం నా కాళ్ళ కింద నిజంగా ఉంది.

ఆ తర్వాత కాసేపటికి దారం లాగింది. ఆంటీ తొందరపడలేదు. వదిలి, లాగి, వదిలి, చివరికి పైకి తీశారు. ఒంటినిండా చుక్కలతో, మెరుస్తూ, బతుకుతో కొట్టుకుంటున్న చేప. ఆమె చేతితొడుగు తీసేసి ఉత్త చేత్తో పట్టుకున్నారు. అలవాటుగా మొప్ప ఎత్తి చూశారు. ఎర్రగా ఉంది.

"చూశానమ్మా" అన్నారు. నాతో కాదు. ఆ బడిలో లేచి నిలబడిన అమ్మాయితో అనుకుంటాను.

చేపను తిరిగి నీళ్ళలో వదిలేస్తారేమోనని చూశాను. ఆ మాట అంటే, నేను బెస్తవాళ్ళ పిల్లని, దొరికిన చేపను వదిలితే మా నాన్న లేచొస్తాడు అన్నారు. దీదీ వంటింట్లో ఇందిరాపురం నుంచి తెచ్చిన చింతపండుతో పులుసు పెట్టారు. అలాంటి పులుపు దీదీ ఎన్నడూ ఎరగదు. కళ్ళు చికిలించి, మళ్ళీ వడ్డించుకుంది.

బండిని వెనక్కి తేలేదు. దీదీకే ఇచ్చేశారు. ఆంటీ పోయారని చెబుదామని మొన్న ఫోన్ చేశాను. దీదీ బండి సంగతి చెప్పింది. పోయిన చలికాలం నొప్పులు పడుతున్న వాళ్ళ మరదలిని దాని మీదే రోడ్డు దాకా దించారట. ఊళ్ళో దాన్ని ఇప్పటికీ మాస్టర్‌నీ కీ గాడీ అంటారట. ఈ సంగతి ఆంటీకి తెలుసా అని అడిగాను. తెలుసుననీ, అప్పుడే ఫోన్‌లో చెప్పాననీ, బిడ్డకు స్వెటరు అల్లి పంపించారనీ అంది. ఆ స్వెటరు మాట ఆంటీ నాతో ఎన్నడూ అనలేదు.

ఆ మార్చిలో మేం లాహౌల్ నుంచి తిరిగి బయల్దేరే రోజు పొద్దున, సామాను సర్దుతుంటే ఆంటీ కనబడలేదు. స్నో స్కూటర్ జాడ పట్టుకుని, దీదీ చెయ్యి ఊతగా నేను పైకి నడిచాను. ఆమె చెరువు మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఇద్దరం గబగబా అడుగులేశాం. దగ్గరికి వెళ్తే, తల కన్నం దగ్గర పెట్టి, వెలుతురు పడకుండా శాలువా ముసుగేసుకుని లోపలికి చూస్తున్నారు. మా అడుగుల చప్పుడు విని, తల ఎత్తకుండానే, శాలువా ఒక అంచు పైకెత్తి నాకు చోటిచ్చారు.

నేనూ పడుకున్నాను. మొదట చీకటి. కళ్ళు అలవాటు పడ్డాక, మంచు పైకప్పులోంచి దిగిన ఆకుపచ్చని వెలుగు. అడుగున ఒక్కో గులకరాయీ కనబడుతోంది. ఆ వెలుగులో రెండు చేపలు, ఎక్కడికీ పోవలసిన పని లేనట్టు, తోకలు మెల్లగా ఆడిస్తూ నిలబడి ఉన్నాయి. నా చెంప పక్కన ఆంటీ ఊపిరి వెచ్చగా తగులుతోంది.  చేపలు అక్కడినుంచి కదల్లేదు.