మీటరు కంటి మీది కుంకుమ

తనకల్లు మండలంలో కరెంటు మీటర్లు చూసే ఓబిలేష్ ఉద్యోగి కాడు, కాంట్రాక్టరు మనిషి. వానల్లేక నాయన వేరుశనగ చేను బీడు పెట్టాక ఇంటికి ఆ పనే ఆధారం. చేతిలో పెద్ద క్యాలిక్యులేటరంత మిషను. దాని కొసన నల్లటి గాజుపూస. మీటరుకూ అలాంటిదే ఒకటి, కన్నులాగా. మన కళ్లకు ఆనని పరారుణ కాంతిని వెలిగిస్తూ ఆర్పుతూ మీటరు తన అంకెలు చెబుతుంది. మిషను పూస ఆ మిణుకులను పట్టి సన్నని కరెంటుగా మారుస్తుంది. ఎండలోనూ ఆ కాంతి ఉంటుంది గానీ, అది మిణకదు, నిలకడగా ఉంటుంది. లోపలి సర్క్యూటు నిలకడ కాంతిని వదిలేసి, మిణుకులనే పెద్దవి చేసి అంకెలుగా చదువుతుంది. అయినా మా ఎండ సూటిగా పడితే పూసకు కళ్లు బైర్లు కమ్ముతాయి. అందుకని ఓబిలేష్ తువ్వాలు అడ్డం పెట్టేవాడు.

ఎండకు తువ్వాలు చాలింది. దసరాకు చాలలేదు. ఆయుధపూజకు మా ఊళ్లలో ట్రాక్టరుతో పాటు, బోరు మోటారుతో పాటు కరెంటు మీటరుకూ విభూతి పూసి కుంకుమ పెడతారు. నుదురు అనుకునేది ఆ కంటినే. తడి విభూతి ఎండి పొర కడితే మిణుకు బయటికి రాదు. అప్పుడిక అంకెలు చేత్తో కొట్టాలి. అవి ఎక్కువైతే, మీటరు చూడకుండా ఇంట్లో కూర్చుని కొట్టినట్టే పైవాళ్ల లెక్క. ఇంకొక్క ఇల్లు చేత్తో కొట్టినా మిషను తిరిగి ఇచ్చేయమన్నాడు సూపర్‌వైజరు నరేంద్ర.

మరుసటి పొద్దున ఓబిలేష్ తమ వీధిలోనే ఉండే బయమ్మ ఇంటి అరుగెక్కాడు. ఆమె భర్త పుల్లన్న కిడ్నీలు చెడి టౌను ఆసుపత్రిలో ఉన్నాడు. మీటరు నిండా కుంకుమ. తుడుస్తానన్నాడు.

"ఏమప్పా, మనిషి ఆడ చావుబతుకుల్లో ఉంటే ఈడ బొట్టు తుడుస్తావా? పోయి మీ యమ్మ బొట్టు తుడుచుకో."

కన్ను మీద మాత్రమే, వేలెడంత మేరే అని బతిమాలాడు. పని పోతుందన్నాడు. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. అతను తువ్వాలు కొస తడిపి తుడిచాడు. మిషను కూత పెట్టింది. అంకెలు వచ్చాయి.

ఆ వారంలోనే పుల్లన్న చనిపోయాడు. రక్తం శుద్ధి చేయించుకోవడానికి అన్ని బస్సులు మారలేక మానుకుని, ముదిరాక ఆసుపత్రిలో చేరిన మనిషి. ఆ వైద్యం దగ్గర్లో ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. బొట్టు తుడిచినవాడెవడని మాత్రం ఊరంతా అడిగింది.

మరుసటి నెల ఏ ఇల్లూ అతన్ని అరుగెక్కనివ్వలేదు. ఇంటింటికీ 'తలుపు తాళం' అని నొక్కుకుంటూ పోయాడు. నరేంద్ర పిలిపించాడు. ఓబిలేష్ జరిగిందంతా చెప్పాడు.

"నాకర్థమైతాండాదప్పా. మా ఇంటి మీటరుకూ పెట్టినాం బొట్టు. పైవాళ్లకు ఇదంతా యాడ రాసేది? తాళమనో, చెడిపోయిందనో కొట్టాల్సిందే."

"అయితే చెడిపోయిందనే కొట్టన్నా. ఊరంతా."

నరేంద్ర మిషను తీసుకుని, చార్జింగు ఎంతుందో చూసి, బీరువాలో పెట్టాడు.

ఓబిలేష్ ఇప్పుడు చిలమత్తూరు దగ్గర గోదాములో మూటలు మోస్తున్నాడు. పండక్కీ ఊరికి రావడం లేదు. వస్తే బయమ్మ ఇంటి ముందు నుంచే దారి.