శ్యామల చూసుకున్న గోదురుకప్పలు

పన్నెండేళ్ల కిందటి మాట. అరుణాదేవి తాండూరులోని ఒక బడిలో సైన్సు టీచరు. ఆ వానాకాలం నీళ్లగుంటలోంచి తోకలున్న గోదురుకప్ప పిల్లల్ని తెచ్చి, గాజుతొట్టిలో వేసి క్లాసులో పెట్టింది. వాటి బాగోగులు ఆరో తరగతి శ్యామలకు అప్పగించింది. శ్యామల తండ్రి కిష్టయ్య బండల పాలిష్ కార్ఖానాలో కూలి.

శ్యామల అందరికన్నా ముందొచ్చి నీళ్లు మార్చేది, ఉడికించిన పాలకూర వేసేది. వెనక కాళ్లు మొలిచిన రోజు క్లాసందరినీ పిలిచి చూపించింది. తర్వాత ముందు కాళ్లూ వచ్చాయి. ఆ సోమవారం పొద్దున చూస్తే అన్నీ వెల్లకిలా తేలుతున్నాయి.

"ఎందుకు సచ్చిపోయినయ్ టీచర్?" అని పిల్లలు అడిగారు.

అరుణాదేవికి తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. "శ్యామల చేతులకు వాళ్ల నాయిన ఒంటిమీది బండల పొడి అంటుకుంటది గదా, గదే నీళ్లల్ల కలిసింది" అనేసింది. శ్యామల చేతులు వెనక్కి దాచుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో పుస్తకం తిరగేస్తే తెలిసింది. పిల్లలుగా ఉన్నన్నాళ్లూ అవి మొప్పలతో నీళ్లలోనే ఊపిరి తీస్తాయి. ముందు కాళ్లొచ్చే వేళకు మొప్పలు పోయి ఊపిరితిత్తులు వస్తాయి. అప్పుడు గాలి కావాలి, ఎక్కి కూర్చునేందుకు పొడి చోటు కావాలి. తొట్టిని అంచుదాకా నింపించింది తనే. ఒక్క రాయి కూడా వేయలేదు. పాపం, నీళ్లలో మునిగి చచ్చాయి.

రేపు చెబుదామనుకుంది. ఆ రేపు రానేలేదు. శ్యామల మళ్లీ ఏ ప్రయోగానికీ ముందుకు రాలేదు. ఏటా కప్పల పాఠం వస్తే అరుణాదేవి గబగబా చదివించి దాటేసేది.

మొన్న జూలైలో ఇక ఉండబట్టలేక కొడంగల్ బస్సెక్కింది. శ్యామల అక్కడ బట్టలు కుడుతోంది. అరుణాదేవి నిలబడే అంతా చెప్పింది. "తప్పు నాది బిడ్డా."

శ్యామల మిషన్ ఆపింది. "మీకెప్పుడు తెల్సింది టీచర్?"

"గా దినం సాయంత్రమే."

శ్యామల కుడుతున్న బట్ట మడిచి పక్కన పెట్టింది. "గా దినం మా నాయిన పనికెల్లి రాంగనే, నీ పొడితోనే కప్పలు సచ్చినయ్, నన్ను ముట్టకు అని గట్టిగ ఒర్రిన టీచర్. గప్పటిసంది బయటనే కాళ్లు చేతులు కడుక్కొని లోపలికొచ్చేటోడు. నాకు చెప్పినట్లే ఆయనకు గూడ చెప్పుండ్రి."

అరుణాదేవి తిరుగు బస్సు దిగి నేరుగా కిష్టయ్య ఇంటికి వెళ్లింది. అప్పుడే పని నుంచి వచ్చిన ఆయన బయటే కాళ్లు చేతులు కడుక్కుని వచ్చి, తల వంచుకుని విన్నాడు. "పిల్లలు ఏదో అంటరు టీచరమ్మా. నేనెప్పుడో మర్షిపోయిన" అన్నాడు.

మర్చిపోలేదని ఆమెకు తెలుస్తూనే ఉంది.