కెర్నెలూ, అమావాస్యా, నా మీసమూ

“కంప్యూటర్‌కి తిథులు తెలియవండీ. అమావాస్యకీ దీనికీ సంబంధం ఉందని తేలితే నా మీసం తీయించుకుంటాను.”

గవర్నర్‌పేటలోని మా ఆఫీసులో, ఫోను స్పీకర్ మీద పెట్టి, అందరూ వింటుండగా ఈ మాట అన్నాను. ఇరవై ఏళ్ళుగా పెంచిన మీసం అది. అవతల వింటున్నది ఆటోనగర్‌లో లారీ విడిభాగాల దుకాణం నడిపే ఒక పెద్దావిడ.

మేం దుకాణాలకు ఫైళ్ళు దాచుకునే చిన్న సర్వర్లు తయారుచేసి ఇస్తాం. వాటి కెర్నెల్లో, అంటే మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాములో, ఫైళ్ళ భాగం నేను రాసిందే. ఆవిడ సర్వర్లో ఒక రోజు కొత్తగా ఎక్కించిన బేరింగుల వివరాలు మాయమయ్యాయి. నెల తర్వాత మళ్ళీ అదే.

“రెండుసార్లూ అమావాస్యేనండీ. క్యాలెండర్ చూసే చెబుతున్నా.”

నా ఒళ్ళు మండింది. పదహారో ఏటి నుంచీ హేతువాద చర్చల్లో మైకు వదలనివాణ్ణి. మా వీధి వాస్తు పండితుడు నన్ను చూస్తే సందు మారేవాడు. చంద్రుడి గురించీ, భూమి గురించీ, పంచాంగమనే దురలవాటు గురించీ ఆవిడకు ఇరవై నిమిషాలు బోధించాను. ఆవిడ అంతా విని, “సరేనండీ. మరి నా బేరింగులేవీ?” అంది. మీసం మాట వచ్చింది అప్పుడే.

మా యజమాని ఆస్తికుడూ కాదు, నాస్తికుడూ కాదు, వ్యాపారస్తుడు. మర్నాడే మా పరీక్షల సర్వర్‌కి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. నేను పీకేశాను. మళ్ళీ కట్టాడు.

రోజూ పరీక్షలు నడిపాను. ఐదో రోజున, సర్వర్లో ఎక్కించిన రాత ఒక్కసారి మాయమైంది. సంబరపడిపోయి, ఆ చోట ఏం జరుగుతోందో నమోదు చెయ్యమని కోడ్‌లో ఒక లైను చేర్చాను. అంతే, ఇక మాయమవదు! ఆ ఒక్క లైను ఉంటే చాలు, లోపం పక్కకు తప్పుకుంటోంది.

“మీ లైను ఎందుకు పనిచేసిందో మీకు తెలుసా మాస్టారూ?” అన్నాడు యజమాని.

“ఇంకా తెలియదు.”

“నా నిమ్మకాయా అంతే.”

ఆ తర్వాత నిమ్మకాయను నేను పీకలేదు.

మూడో అమావాస్యకు నేనే ఆటోనగర్ వెళ్ళాను, ఆవిడ చెప్పింది తప్పు అని ఆవిడ ఎదుటే తేల్చడానికి. వీధి మొదట్లోనే ఆగిపోయాను. సుత్తి చప్పుడు లేదు, వెల్డింగు మెరుపు లేదు. షెడ్లన్నీ మూత. ఆవిడ దుకాణం మాత్రం తెరిచి ఉంది.

“ఇవాళ సెలవా అండీ?”

“అమావాస్యకి షెడ్లు తియ్యరు కదండీ. మీది బెజవాడేనా అసలు?”

“మరి మీరు పాటించరా?”

ఆవిడ గోడ మీది సిలువ కేసి చూపించింది. “చర్చికెళ్ళేవాళ్ళం. మాకు అమావాస్యేంటి, పున్నమేంటి? మెకానిక్కులు రారు, బేరముండదు. ఊరికే కూర్చోడమెందుకని ర్యాకులు దులిపి సరుకు సరిచూసుకుంటాం.”

ఈవిడకా నేను పంచాంగం మీద ఉపన్యాసం దంచింది!

“ఈ ముక్క ఆ రోజే చెప్పొచ్చు కదండీ.”

“మీరు ఆపితే కదా.”

సరిచూడడమంటే ప్రతి భాగం ఫోటో తెరిచి పోల్చడం. ఒక కంప్యూటర్ దగ్గర కోడలు వరసగా వేల ఫోటోలు తెరుస్తోంది. రెండో దాని దగ్గర ఆవిడ కొత్త సరుకు ఎక్కిస్తోంది. అక్కడే నిలబడి నా తప్పు చూశాను.

డిస్కు నెమ్మది కనక కెర్నెల్ ఫైళ్ళను ముక్కలుగా, అంటే పేజీలుగా, మెమరీలో పరిచి ఉంచుతుంది. కొత్త రాత ముందు ఆ పేజీ మీద పడి, తర్వాత డిస్కుకు చేరుతుంది. మెమరీ నిండినప్పుడు, డిస్కుకు చేరాల్సిన రాతేమీ లేని పేజీలను కెర్నెల్లోని ఒక పనివాడు ఎత్తేస్తాడు. బంతి భోజనాల్లో విస్తళ్ళు ఎత్తేవాడి లాంటివాడు. మామూలు రోజుల్లో వాడికి పెద్దగా పని ఉండదు. అమావాస్యనాడు ఫోటోల తాకిడికి పందిరి కిటకిటలాడుతుంది. వాడు ఒక ఆకు చూశాడు, ఖాళీ. ఎత్తడానికి వంగాడు. ఆ రెప్పపాటులో వడ్డించేవాడు వచ్చి అందులో గారె వేశాడు. వీడు గారెతో సహా మడిచి పట్టుకుపోయాడు. ఆవిడ బేరింగులే ఆ గారె.

ముందు ఆకు మీద చెయ్యి వేసి, తర్వాత చూడాలి. చెయ్యి తీసేదాకా వడ్డించేవాడు ఆగాలి. నేను చూశాక చెయ్యి వేయించాను. ఆఫీసుకు వచ్చి, పేజీకి తాళం వేసే లైనును చూసే లైనుకు పైకి జరిపాను. దిద్దుబాటు అంతే. ఆలస్యంతో లోపాన్ని దాచిన నా నమోదు లైనునూ తీసేసి, వేల ఫోటోలు తెరిపిస్తూ పాత కోడ్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి రాయించాను. పాత కోడ్ పావుగంటలో బేరింగులు మింగింది. కొత్తది రెండు రోజులైనా ముట్టలేదు. నిమ్మకాయను యజమానే విప్పాడు, ఎండిపోయిందట.

నాలుగో అమావాస్యకు ఆవిడ దుకాణంలోనే కూర్చున్నాను. సాయంత్రానికి ఒక్క బేరింగూ పోలేదు. నాకు టీ ఇచ్చి ఆవిడ అడిగింది:

“మరి మీసం సంగతేంటండీ?”

“కారణం అమావాస్య కాదండీ, సెలవు.”

“సెలవెందుకొచ్చింది?”

“అది మనుషుల నమ్మకం...”

“ఎందుకు పోతోందో నేను చెప్పలేదండీ. ఎప్పుడు పోతోందో చెప్పా. సంబంధం ఉందా, లేదా?”

ఉంది. నిజం ముందు తల వంచాలని ముప్పై ఏళ్ళు ఊరందరికీ చెప్పినవాణ్ణి. ఆవిడ చెప్పింది కళ్ళతో చూసిన సంగతి. నేను విన్నది మూఢనమ్మకం. పక్క వీధిలోనే సెలూన్ ఉంది.

“అమావాస్యనాడు క్షవరమేంటి సార్? రేపు రండి” అన్నాడు మంగలి.

“ఇవాళే తియ్యాలి” అన్నాను. ఆదివారమైతే గంటసేపు కాచుకోవలసిన కుర్చీ, ఆ రోజు వెళ్ళగానే దొరికింది.

పని పూర్తిచేసి, నా మొహంలో ఏం చూశాడో ఏమో, అద్దం దించుతూ ఓదార్చాడు:

“దిగులు పడకండి సార్. మళ్ళీ అమావాస్యకి మొలిచేస్తుంది.”