ఒక వేలు పట్టుకో

మా కంచరపాలెం ఇంట్లో బడి ఉన్న రోజు పొద్దున్నంటే నాకూ మా అమ్మాయికీ యుద్ధమే. అది రెండో తరగతి. ఎనిమిదింటికి స్కూలు ఆటో వచ్చి కింద హారన్ కొడుతుంది. మా ఆవిడ ఆటోనగర్‌లో పనికి తెల్లారుతూనే బస్సెక్కుతుంది. పోర్టులో నా డ్యూటీ మధ్యాహ్నం నుంచి. కాబట్టి టిఫిన్ తినిపించే భాగ్యం నాది.

ఇడ్లీ మెత్తగా ఉందంటుంది. దోస గట్టిగా ఉందంటుంది. ఉప్మాలో కరివేపాకు ఏరమంటుంది, ఏరేసరికి చల్లారిపోయిందంటుంది. "పోనీ ఏటి కావాలో నువ్వే సెప్పు" అంటే గోడకేసి చూస్తుంది. అరిచాను, బతిమాలాను, చాక్లెట్ ఆశ చూపించాను. నా తల ప్రాణం తోకకొచ్చింది గానీ దాని నోట్లోకి ముద్ద దిగలేదు. యూనిఫాం స్కర్టు పిన్నీసు పెడితే గానీ నడుం మీద నిలవడం లేదు. ఆ పిన్నీసు పెట్టినప్పుడల్లా నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియదు.

మా అమ్మ ఉన్నప్పుడు ఈ గొడవే లేదు. స్టవ్ వెలిగించకముందే మనవరాలి ముందు రెండు వేళ్ళు చాపేది. "ఒక ఏలు పట్టుకోయే." ఏ వేలు ఏ టిఫినో ముందు చెప్పేది కాదు. పట్టుకున్నాక, "నీకు సోడి అంబలొచ్చిందే" అని నవ్వేది. రాగిజావని మా వైపు అలాగే అంటారు. ఏది వస్తే అది తినాలి, రెండోసారి పట్టుకోవడానికి లేదు. పిల్ల మూతి ముడుచుకునైనా గ్లాసు ఖాళీ చేసేది. రెండు వేళ్ళూ అంబలేనని నాకు ఎప్పటినుంచో అనుమానం.

పోయినేడాది అమ్మ పోయింది. పదో రోజున సముద్రం ఒడ్డున అరిటాకులో పిండం పెట్టి, ఆవిడకిష్టమైనవన్నీ వడ్డించాం. కాకి ముట్టలేదు. అన్నీ గోడ మీద కూర్చుని గుడ్లప్పగించి చూస్తున్నాయి తప్ప ఒక్కటీ దిగదు. మా పెదనాన్న నా భుజం పట్టుకుని, "మీ అమ్మ మనసులో ఏటో ఉండిపోనాదిరా. మాటిచ్చీ" అన్నాడు. మేడ మీద గది పూర్తి చేస్తానన్నాను. రాలేదు. చెల్లికి ఏ లోటూ రానివ్వనన్నాను. రాలేదు. ఎండకి కళ్ళు తిరుగుతున్నాయి. చివరికి, "నీ మనవరాలికి రోజూ నాను తినిపిత్తానే అమ్మా" అన్నాను. మాట నోట్లో ఉండగానే ఒక కాకి దిగి ఆకు మీద వాలింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఏడ్చారు. మా అమ్మాయి మాత్రం నా చెయ్యి పట్టుకుని ఆ కాకినే చూస్తూ నిలబడింది.

మాటలూ కాకులూ ఏమిటని ఎవరైనా నవ్వొచ్చు. అమ్మకిచ్చిన మాట రోజూ ప్లేట్లో అలాగే మిగిలిపోతుంటే నాకు నవ్వు రాదు.

ఇంక దారి లేక ఈమధ్య ఒక పొద్దున్న ఉప్మా ప్లేటు పక్కన పెట్టి నేనూ రెండు వేళ్ళు చాపాను. "పట్టుకోయే తల్లీ." అది నా వేళ్ళ వంక చూసింది గానీ ముట్టుకోలేదు. "నీకు చేతకాదు నాన్నా" అంది. తర్వాత ఏమనుకుందో, తన వేళ్ళు రెండు నా ముందు పెట్టింది.

"నువ్వు పట్టుకో."

ఇన్నాళ్ళకి పిల్ల మళ్ళీ ఆటలో పడిందని నాకు ప్రాణం లేచొచ్చింది. ఉప్మా ఎలాగూ ఉంది, దోస అంటే పిండి ఉంది, అంబలంటే అదీ కాస్తాను, ఆటో వెళ్ళిపోతే బండి మీద నేనే దింపుతాను అనుకున్నాను. చూపుడువేలు పట్టుకున్నాను.

"ఏటొచ్చిందే?"

"నానమ్మ ఇంక రాదు. అదొచ్చింది."

పట్టుకున్న వేలు వదల్లేదు నేను. "మరి ఆ రెండో ఏలు?"

"అది కూడా అదే" అంది.

కింద హారన్ మోగింది. అది బ్యాగు తగిలించుకుని, నడుం దగ్గర పిన్నీసు ఒకసారి తడిమి చూసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఇటు చూడలేదు.

ఉప్మా ప్లేటు తీసుకెళ్ళి పిట్టగోడ మీద పెట్టాను. రోజూ చేసే పనే, పారెయ్యడానికి నాకు చేతులు రావు. పెట్టీపెట్టగానే కాకి వచ్చి వాలింది. ఎప్పుడూ దాన్ని తోలలేదు నేను. ఆ రోజు మాత్రం, "నువ్వెందుకు తింతన్నావే అమ్మా, అది తిన్లేదు!" అని పక్కింటివాళ్ళు తొంగిచూసేలా అరిచాను.

కాకి తల పక్కకి తిప్పి ఒకసారి నన్ను చూసింది. మళ్ళీ తినసాగింది.